ట్రాక్టరెక్కిన కొండలు

ఒక ఊళ్లో ఉన్న కొండలన్నిటినీ ఒక్క దెబ్బకు మాయం చేసిన ఘనత కృష్ణా జిల్లాలో నాకు తప్ప మరొకరికి లేదు. క్వారీ కాంట్రాక్టర్లకు కూడా ఆ పనికి ఏళ్లు పడుతుంది. వాళ్లకు పేలుడు మందు కావాలి, లారీలు కావాలి, పైవాళ్ల దయ కావాలి. నాకు ఒక పెన్సిలు, కాస్తంత మంచు, పని వేళ కలలు కనే అలవాటు సరిపోయాయి. ఆ సంగతే చెప్పబోతున్నాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. ఆ రోజు ఊరు ఊరంతా నవ్వింది. ఇప్పుడు మీరు కలిసినంత మాత్రాన కొత్తగా పోయే పరువేమీ మిగల్లేదు.

ముందు ఆట గురించి చెప్పాలి. దాని పేరు ఓరియంటీరింగ్. విజయవాడలో ఈ పేరు చెబితే చాలామంది అదేదో కొత్త కోచింగ్ సెంటరు అనుకుంటారు. చేతికి ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఇచ్చి మనిషిని అడవిలో వదిలేస్తారు. మ్యాపు మీద పది చోట్ల సున్నాలు చుట్టి ఉంటాయి. ఆ పది చోట్లా సగం నారింజ, సగం తెలుపు రంగున్న చిన్న జెండా వేలాడుతుంటుంది. జెండాకు కట్టిన పంచ్‌తో మన కార్డుకు చిల్లు పెట్టుకోవాలి. ఒక్కో పంచ్‌ది ఒక్కో రకం చిల్లు కాబట్టి దొంగలెక్కలు కుదరవు. వరుస తప్పకుండా అన్నీ చూసుకుని తక్కువ సమయంలో తిరిగొచ్చినవాళ్లు గెలిచినట్టు. పరుగు పందెమే గానీ, ఎవరి దారి వాళ్లు వెతుక్కోవాలి.

నేను ఈ ఆటలో పడి ఇరవై ఏళ్లు దాటింది. వారంలో ఆరు రోజులు పేపరాఫీసులో కూర్చుని ఇతరులు రాసిన వార్తలు దిద్దడం, ఏడో రోజు తెల్లారకముందే బస్సెక్కి కొండపల్లిలో దిగడం. ఆ ఉదయాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు తేలికవుతుంది. కాళ్ల కింద ఎండుటాకులు, ఎండిన వాగులో చల్లటి ఇసుక, కింద ఎక్కడో రైలు కూత, థర్మల్ స్టేషను పొగ కదలకుండా ఆకాశానికి ఆనుకుని నిలబడి ఉండటం. అప్పుడు చెట్ల మధ్య నుంచి ఒక నారింజ రంగు ముక్క కనబడుతుంది. ఎవరో మన పేరు మెల్లగా పిలిచినట్టుంటుంది. ఆ పిలుపు కోసం ముళ్లకంపల్లో చొక్కాలు ఎన్ని చింపుకున్నానో మా ఆవిడ చెబుతుంది.

అడవిలో మేకలు కాసుకునేవాళ్లకు మా మీద ఒకటే జాలి.

"ఏం పోయింది సార్, తెల్లారి నుంచి ఎతుకుతున్నారు?"

"ఏం పోలేదయ్యా. జెండాలు వెతుకుతున్నాం."

"ఎవరు దాచారు?"

"మావాళ్లే."

"మరి వాళ్లనే అడిగితే సరిపోయేదిగా?"

నేను దిక్సూచి చూసుకుని మళ్లీ ముళ్లకంపలోకి దూరేవాణ్ని.

మాకున్న పెద్ద బెడద జెండాలు పోవడం. ఏ పోటీ పెట్టినా రెండు మూడు మాయమయ్యేవి. ఒకసారి నారింజ, తెలుపు గుడ్డతో కుట్టిన చక్కటి సంచీ భుజాన వేసుకుని ఒకావిడ మాకే సీతాఫలాలు అమ్మింది. మేం బేరమాడకుండా కొన్నాం. ఏ ఊరి క్లబ్బువాళ్లకైనా ఈ బాధ తప్పదు. ఈ విషయం గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

మా క్లబ్బుకు పెద్దదిక్కు ప్రసాదరావు గారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఆయన సొంతూరు బందరు రోడ్డులో ఉయ్యూరు దాటాక లోపలికి వస్తుంది. కాలువ గట్టును మించిన ఎత్తు ఎరగని ఊరు. ఎప్పటికైనా ఆ పొలాల మధ్య ఒక పోటీ పెట్టాలని ఆయన కోరిక. దానికి అనుమతి ఇవ్వాల్సింది క్లబ్బులన్నిటికీ పైనున్న రాష్ట్ర సంఘం పెద్ద రంగాచారి గారు. ఆయన బండరాళ్లు, లోయలు ఉన్న ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. నేల చదునుగా ఉంటే ఆయనకు అదేదో అశుభంలా తోచేది.

"డెల్టాలో ఓరియంటీరింగా?" అన్నారాయన ఒకసారి బందరులో జరిగిన మీటింగులో అందరి ముందూ. "అక్కడ మ్యాపు గీయడానికి ఏముందండీ?"

"అంత తీసెయ్యకండి. కాలువలున్నాయి, గట్లున్నాయి, తాడిచెట్లున్నాయి."

"ఎత్తుపల్లాలు?"

"కొంచెం తక్కువ."

"అప్పడానికైనా పొంగులుంటాయి ప్రసాదరావు గారూ. మీ ఊరు దోసె."

అందరూ నవ్వారు. ప్రసాదరావు గారు కూడా నవ్వారు గానీ, తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చున్నారు. కంకిపాడు దగ్గర అనుకుంటా, నాతో అన్నారు: "ఏమయ్యా మూర్తీ, డాక్టరు ఈ మోకాళ్లు ఇంక మార్చాల్సిందే అన్నాడు. ఆపరేషనయ్యాక పరుగు మాట మర్చిపోవాలట. ఈలోపల ఒక్క పోటీ పరిగెత్తాలి. అది మా ఊళ్లోనే పరిగెత్తాలి. ఆ తర్వాత ఎట్టాగూ కుర్చీలో కూచుని చప్పట్లు కొట్టేవాణ్నే."

ఆయన పట్టుబట్టగా పట్టుబట్టగా రంగాచారి గారు జనవరి ఆఖర్లో ఒక పరీక్ష పోటీకి ఒప్పుకున్నారు. తానే స్వయంగా వచ్చి చూస్తానన్నారు. బాగుంటే డెల్టాకు ఏటా ఒక పోటీ ఇస్తారు. బాగోకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

ఇప్పుడు మా ఆటలోని ఒక నియమం చెప్పాలి, నా కొంప ముంచింది అదే కాబట్టి. పోటీలో పరిగెత్తేవాళ్లు పోటీ మొదలయ్యేదాకా మ్యాపు చూడకూడదు. అది గీసేటప్పుడు ఆ చుట్టుపక్కల తిరగనూ కూడదు. ప్రసాదరావు గారు పరిగెత్తుతారు కాబట్టి, ఆయన ఊరి మ్యాపు ఆయన తప్ప ఎవరైనా గీయవచ్చు. ఆ ఎవరైనా నేనయ్యాను. బెజవాడ వన్ టౌన్‌లో పుట్టి, వన్ టౌన్‌లో పెరిగి, ఏ సందు చివర చూసినా కొండే కనబడే బతుకు నాది. చదునైన నేలను దగ్గరగా చూసింది క్యారమ్ బోర్డు మీదే.

జనవరి మొదట్లో ఒక ఉదయం ఆ ఊరి దగ్గర బస్సు దిగాను. మంచు. ఎంత మంచంటే, బస్సు కదిలాక దాని చప్పుడు మాత్రం కాసేపు నా పక్కనే నిలబడి, తర్వాత అది కూడా వెళ్లిపోయింది. కాలువ ఎక్కడో పక్కనే ఉంది; నీళ్లు కనబడవు గానీ వాసన వస్తోంది. గట్టు మీద నడుస్తుంటే నేల మీద నడుస్తున్నానో, ఎవరి నిద్రలోనో నడుస్తున్నానో తెలియలేదు. వరి కోతకు ముందే చల్లిన మినుములు మొలిచి, కోసిన మోళ్ల మధ్య పచ్చగా పరుచుకుని ఉన్నాయి. నా కాగితం మాత్రం ఖాళీగా ఉంది. ఒక గీత కాలువ, ఒక గీత రోడ్డు, మిగతాదంతా మా మ్యాపుల్లో బయలు నేలకు వేసే పసుపు. రంగాచారి గారు చెప్పిన దోసె నిజంగానే నా చేతిలో ఉంది.

అప్పుడు మంచు విడింది.

పొలాల మధ్య, ఒకదానికొకటి దూరంగా, నాలుగు బంగారు కొండలు నిలబడి ఉన్నాయి. గుండ్రటి నెత్తులు, నిటారు వాలులు, ఒక్కొక్కటి ఇంటి ఎత్తు. ఎండ పడి పొగలు కక్కుతున్నాయి. నేను అలాగే నిలబడిపోయాను. దూరపు కొండలు నునుపంటారు. ఇవి దగ్గరికెళ్లినా నునుపే, గడ్డివి కాబట్టి.

గడ్డివాములు అనుకున్నాను. మీలో డెల్టావాళ్లు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. మిగతావాళ్ల కోసం నా తర్కం చెబుతాను, అది పూర్తిగా బుద్ధిలేని తర్కమేమీ కాదు. మా వీధి చివర పాలవాళ్ల పాక పక్కన ఒక గడ్డివామి ఉండేది. నేను పలకబలపం పట్టినప్పటి నుంచి ఉద్యోగంలో చేరేదాకా అది అక్కడే ఉంది. ఒకపక్క పీకేవారు, ఇంకోపక్క వేసేవారు. అది మాత్రం తగ్గదు, పెరగదు. పక్కనున్న సినిమాహాలు మూతపడి గోడౌనైంది, వామి మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి నా దృష్టిలో గడ్డివామి అంటే తపాలాఫీసు కన్నా స్థిరమైన కట్టడం.

మనిషి చేసిన వస్తువులకు మా మ్యాపుల్లో నల్లటి ఇంటూ గుర్తు పెట్టాలి. పెన్సిలు నల్లగుర్తు దగ్గరికి వెళ్లింది కూడా. కానీ నల్లగుర్తులో కొండ ఏముంటుంది? చిన్న మిట్టకు గోధుమరంగు చుక్క పెడతారు. డెల్టా మ్యాపులో గోధుమరంగు! నాలుగు చుక్కలూ పెట్టేశాను.

ఆ రాత్రి ప్రసాదరావు గారు ఫోను చేశారు.

"ఎట్టా వచ్చిందయ్యా మ్యాపు?"

"బ్రహ్మాండంగా ఉందండీ. మిట్టలు కూడా ఉన్నాయి."



"ఏ ఊరు వెళ్లావు నువ్వు?"

"మీ ఊరేనండీ."

"మా ఊళ్లో మిట్టలెక్కడివయ్యా? నేను పుట్టింది అక్కడే."

"రూలు ప్రకారం అంతకన్నా చెప్పకూడదండీ."

"ఎత్తుగా ఉన్నాయా?"

"చూస్తారుగా."

నెల రోజులూ ఆయన ఆ మిట్టల గురించే ఆలోచించారని తర్వాత వాళ్లావిడ చెప్పారు. అన్నం తింటూ ఆగిపోయి, "చెరువుగట్టు గానీ కాదు కదా" అనేవారట. ఆ తప్పు పట్టుకోగల ఒకే ఒక్క మనిషికి మ్యాపు చూపించకుండా, నియమానికి కట్టుబడి, గర్వంగా దాచిపెట్టుకున్నాను.

పోటీ ఆదివారం. శనివారం నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు కాబట్టి శుక్రవారం సాయంత్రమే వెళ్లి జెండాలు కట్టాను. ఆరు జెండాలు తూముల దగ్గరా, వంతెనల దగ్గరా, తాడిచెట్ల దగ్గరా. మిగతా నాలుగూ నా కొండల నెత్తిన. మొదటి కొండ ఎక్కి దిగుతుంటే దాని యజమాని వచ్చారు. ఆయన పేరు కోటయ్య గారు.

"ఇదేందండీ?"

"పోటీ జెండా అండీ. ఆదివారం దాకా ఇక్కడే ఉండాలి."

"ఆదివారం దాకానా? రేపు ట్రాక్టరొస్తందండీ."

"రానివ్వండి. దాని దారిన అది పోతుంది."

ఆయన జెండా వంక, నా వంక, మళ్లీ జెండా వంక చూశారు. "అట్టా కాదు సార్. ట్రాక్టరొచ్చిందంటే ఇంక ఇది..."

"ఏం ఫర్వాలేదండీ. ట్రాక్టర్లూ ఎడ్లబళ్లూ మాకు అలవాటే, మావాళ్లు పక్కకి తప్పుకుంటారు. మీరు ఒక్కమాట గుర్తుపెట్టుకోండి చాలు. ఏం జరిగినా సరే, ఈ జెండా గడ్డి మీంచి దిగకూడదు."

"గడ్డి మీంచి దిగకూడదు."

"అంతే."

"వానొచ్చినా?"

"వానొచ్చినా."

"సరే సార్, అంతగా చెబుతున్నారుగా. మిగతా ముగ్గురికీ నేను చెబుతాలే."

ఎంత మంచివాళ్లు అనుకుంటూ బస్సెక్కాను. కాలువలో సాయంత్రం ఎరుపు బస్సుతో పాటే పరిగెత్తుకొచ్చింది. కిటికీ చువ్వకు తల ఆనించి, పామర్రు దాకా కొండలు కట్టుకుంటూ పోవచ్చని కలలు కంటూ వచ్చాను.

ఆదివారం. జెండాలు కట్టినవాడు పోటీకి ముందు పొద్దున్నే అన్నీ మరోసారి తిరిగి చూసుకోవాలి. ఇది రాసిపెట్టిన నియమం. నేను చీకట్లోనే బయల్దేరాను, నిజం. మొదటి తూము దగ్గర జెండా ఉంది. వంతెన దగ్గర జెండా ఉంది. అక్కడ వంతెన గోడ మీద ఒక్క నిమిషం కూర్చున్నాను. కింద కాలువ మంచు కప్పుకుని పడుకుంది. ఒక గుర్రపుడెక్క పువ్వు ఎటు పోవాలో తేల్చుకోలేక నెమ్మదిగా తిరుగుతోంది. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు జోలపాటలా వినబడుతోంది. నా కొండల వైపు చూశాను. ఏమీ కనబడలేదు. మంచులో కొండలు కనబడవు కదా అనుకున్నాను.

ఆ పువ్వుతో పాటు నేనూ ఎటో వెళ్లిపోయాను. డెల్టాలో ఒక హిల్ స్టేషను వెలిసింది. నాలుగు బంగారు శిఖరాలు. ఎండాకాలం బెజవాడ జనమంతా సామాన్లు కట్టుకుని వస్తున్నారు. నేను శాలువా కప్పుకుని ఒక శిఖరం మీద నిలబడి ఉన్నాను. రంగాచారి గారు కింద నుంచి తలెత్తి, "క్షమించండి, దోసె అన్నాను" అంటున్నారు. అప్పుడే ఎవరో భుజం తట్టారు. నిజంగానే రంగాచారి గారు.

"మూర్తి గారూ, అందరూ వచ్చేశారు. అన్నీ చూసుకున్నారా?"

పత్రికలో పనిచేసేవాణ్ని. ధ్రువీకరించుకోని వార్త అచ్చుకు పంపకూడదని జూనియర్లకు రోజూ చెప్పేవాణ్ని.

"చూసుకున్నానండీ" అన్నాను.

పోటీ ఊరి బడి ముందు మొదలైంది. ఒక్కొక్కరికీ మ్యాపు ఇచ్చి, కాసేపు తేడాతో వదులుతున్నాం. ప్రసాదరావు గారు మోకాళ్లకు పట్టీలు బిగించుకుని, తెల్లబూట్లు వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు నిలబడ్డారు. మ్యాపు అందుకున్నారు. నాలుగు గోధుమరంగు చుక్కలూ చూశారు. నన్ను చూశారు. రోడ్డు పొడుగునా రాలి ఉన్న గడ్డిపరకల వంక చూశారు. మళ్లీ మ్యాపు చూసి, కింది పెదవి గట్టిగా కొరుక్కున్నారు. మోకాళ్ల నొప్పి కాబోలనుకున్నాను. మొదటి మూడు జెండాలు వరసగా కాలువ మీద ఉన్నాయి. ఆయన అటే వెళ్లారు. కానీ ఆ తర్వాత, కొండలున్న పొలాల్లోకి దిగాల్సిన మనిషి, నింపాదిగా నడుచుకుంటూ ఊళ్లోకి మళ్లారు.

"మీ ప్రసాదరావు గారు దారి తప్పారు" అన్నారు రంగాచారి గారు. "పుట్టిన ఊళ్లోనే తప్పారంటే ఇంక ఏమనుకోవాలి?"

పాపం, ఆఖరి పోటీ.

కాసేపటికి మా క్లబ్బులో అందరికన్నా బాగా పరిగెత్తే సుజాత గారు తిరిగొచ్చారు. గన్నవరంలో లెక్చరరు. అడవిలో ఎప్పుడూ ఒక్క జెండా వదలని మనిషి. కార్డు మీద మూడే చిల్లులున్నాయి.

"మూర్తి గారూ, మీ నాలుగో నంబరు కొండ లేదండీ."

"సరిగ్గా చూశారా?"

"కొండను సరిగ్గా చూడ్డమేంటండీ? ఉంటే కనబడుతుంది."

"దిక్సూచి తేడా చేసిందేమో."

"దిక్సూచి బానే ఉంది. వెళ్లాల్సిన చోటికే వెళ్లా. అక్కడ పావురాలు వడ్లు ఏరుకుంటున్నాయి."

"పోనీ ఐదో నంబరు?"

"అక్కడ కాకులు."

ఆవిడ వెనకే మరొకరు, ఆయన వెనక ఇంకొకరు. అందరూ గట్ల మీద నుంచి దిగులుగా వస్తున్నారు. ఒకాయనైతే కొండ ఉండాల్సిన చోట నిలబడి తాను కొండ మీద ఉన్నట్టు ఊహించుకున్నానని, అయినా జెండా కనబడలేదని చెప్పాడు. రంగాచారి గారు గొడుగు చేతికి తీసుకున్నారు. "పదండి, మీ కొండ చూపించండి."

నడిచాం. మంచు పూర్తిగా విడిపోయింది. ఎంత దూరం చూసినా పచ్చటి మినుముచేలు, దూరంగా తాడిచెట్లు, ఆకాశం. అంత అందమైన చదును నేను మళ్లీ చూడలేదు. నాలుగో నంబరు దగ్గర, ఊడ్చిపెట్టినట్టున్న గుండ్రటి నేల ఉంది. దాని మీద ట్రాక్టరు టైర్ల జాడలు వలయంలో వలయం, వలయంలో వలయం. మ్యాపుల్లో కొండను ఇలాగే వలయాలుగా గీస్తారు; పైనుంచి చూస్తే అచ్చం అదే. నేను గీయాలని నెలంతా కలగన్న ఎత్తు గీతలు ట్రాక్టరు నేల మీదే గీసిపెట్టి వెళ్లింది.

"ఇది కుప్ప నూర్చిన కళ్లం కదా" అన్నారు మా వెంట వచ్చిన సుజాత గారు. "ఇక్కడున్నది వామి అనుకున్నారా మీరు?"

అప్పుడు తెలిసింది నాకు. వరి కోసి, పనలు కట్టి, నూర్పిడికి వంతు వచ్చేదాకా పొలంలోనే పేర్చి ఉంచేది కుప్ప. ట్రాక్టరు దొరికిన రోజున దాన్ని విప్పి, తొక్కించి, వడ్లు బస్తాల్లోకి, గడ్డి ఇంటికి తోలేస్తారు. ఆ ఇంటి దగ్గర వేసేది వామి. అది ఏడాది పొడుగునా పశువులు తినడానికి. బయటి నుంచి చూస్తే రెండూ గడ్డే. నేను పెళ్లివారి విడిదిని చూసి సొంతిల్లనుకున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టారని విన్నాం గానీ, కొండను నూర్చి వడ్లు పట్టడం మీరెక్కడైనా విన్నారా?

"మూర్తి గారూ, ఇంతకీ మీరు మ్యాపులో పెట్టిందేమిటి?" అని అడిగారు రంగాచారి గారు, చాలా మెత్తగా.

"మిట్ట అండీ."

"దేనితో చేసిన మిట్ట?"

నేను తాడిచెట్ల వైపు చూశాను.

"నాకు తెలిసి కొండలు రెండు రకాలుగా పోతాయి. ఒకటి భూకంపం, రెండు క్వారీ. మీది మూడో రకం." ఆయన గొడుగు మూసి చంకలో పెట్టుకున్నారు. "జెండాలు తప్పినప్పుడు పోటీ రద్దు చెయ్యాలి. ఇంక డెల్టా మాట..."

ఆ మాట ఆయన పూర్తిచెయ్యలేదు. నాకు మాత్రం పూర్తిగా వినబడింది. తిరిగి బడి దగ్గరికి వచ్చేదాకా నా కళ్ల ముందు ఒక్కటే: ప్రసాదరావు గారు తెల్లబూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని, ఊరికే చప్పట్లు కొట్టడం.

అందరూ వచ్చేశారు. ప్రసాదరావు గారు మాత్రం రాలేదు. ఎండెక్కింది. ఆయన ఎక్కడైనా పడిపోయారేమో చూసి రమ్మని మనుషుల్ని పంపబోతుండగా ఊరివైపు నుంచి చిన్న ఊరేగింపులాంటిది వస్తూ కనబడింది. ముందు ప్రసాదరావు గారు. నెత్తిన తువ్వాలు. చంకలో సొరకాయ. వెనక కోటయ్య గారు, మరో నలుగురైదుగురు, ఒక కుక్క. గీత దాటి, కార్డు తీసి రంగాచారి గారి చేతిలో పెట్టి, అరుగు మీద కూలబడ్డారు.

రంగాచారి గారు కార్డును ఎండకు పట్టి చూశారు. పది చిల్లులు. నా దగ్గరున్న నమూనాతో పోల్చి చూశారు. పదీ సరైనవే, వరస కూడా సరే.

"ఎక్కడ దొరికాయండీ ఇవి?"

"ఇళ్లల్లో."

"ఇళ్లల్లోనా?"

"మ్యాపు చూడగానే తెలిసిపోయిందండీ. మా ఊళ్లో నేలమీద ఎత్తుగా ఉండేవి రెండే, ఒకటి మునసబు గారి అభిప్రాయం, రెండోది కుప్ప. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ నాలుగు కళ్లాలు ఎవరెవరివో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. రోడ్డు మీద గడ్డి రాలి ఉంటే, కుప్పలు నూర్చేశారని అర్థమైంది. గడ్డి ఎక్కడికి పోయిందో, జెండా కూడా అక్కడికే పోయుంటుందనుకున్నా. కోటయ్య వాళ్ల దొడ్లోకెళ్లా. కొత్త వామి మీద నిటారుగా కట్టి ఉంది."

కోటయ్య గారు ముందుకొచ్చారు. "గడ్డి మీంచి దిగకూడదన్నారు గదండీ సారు. కుప్ప విప్పేటప్పుడు మా ఆవిడ చేత్తో పట్టుకుని నిలబడింది. గడ్డి ట్రక్కెక్కాక గడ్డి మీద పెట్టాం. ఇంటికాడ వామి వేశాక పైన కట్టాం. ముగ్గురికీ అట్టాగే చెప్పా. కుక్కని కూడా కట్టేశాం, ఎవరూ తియ్యకుండా."

గడ్డివామి దగ్గర కుక్క తాను తినదు, ఇంకొకర్ని తిననివ్వదంటారు. ఆ కుక్క మాత్రం ప్రసాదరావు గారికి తోకాడిస్తూ గీత దాకా వచ్చింది.

రంగాచారి గారు అప్పటికీ వదల్లేదు. "దారిలో ఎవరినీ ఏమీ అడగకూడదు. అది నియమం. మీరెవర్నైనా అడిగారా?"

"నేనెవర్నీ అడగలేదండీ. వాళ్లే అడిగారు."

"ఏమని?"

"కాఫీ తాగుతావా, మజ్జిగ తాగుతావా అని. నాలుగిళ్లల్లోనూ అడిగారు. అందుకే ఆలస్యం."

"మరి ఆ సొరకాయ?"

"ఏడో నంబరు దగ్గర ఇచ్చారండీ. వద్దంటే బాధపడతారు."

రంగాచారి గారు చాలాసేపు సొరకాయ వంక చూశారు. "నియమాల పుస్తకంలో సొరకాయ ప్రస్తావన లేదు" అన్నారు చివరికి. అని, ఆయనే ముందు నవ్వారు. తర్వాత కోటయ్య గారు, తర్వాత సుజాత గారు, తర్వాత బడి గోడ మీద కూర్చున్న ఊరంతా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ప్రసాదరావు గారు నాలుగిళ్లు గెలిచి రచ్చకొచ్చారు.

భోజనాల దగ్గర రంగాచారి గారు ఆకు ముందు కూర్చుని అన్నారు: "నా అనుభవంలో ప్రతి పోటీలో జెండాలు పోయాయి. కొన్ని సంచులయ్యాయి, కొన్ని తలపాగాలయ్యాయి. ఊరివాళ్లే ట్రాక్టరెక్కించి, చేత్తో పట్టుకుని, కుక్కని కాపలా పెట్టి, పదికి పది అప్పజెప్పిన పోటీ ఇదొక్కటే. నేల చదునైతే ఏమయిందండీ. వచ్చే ఏడూ ఇక్కడే పెట్టుకోండి." అని, నా వైపు తిరిగారు. "మ్యాపు మాత్రం ప్రసాదరావు గారు గీస్తారు."

ప్రసాదరావు గారు పెరుగన్నం కలుపుతూ, "మూర్తిని ఏమీ అనకండి. నెలరోజులు మా ఊళ్లో కొండలున్నాయన్న ఆశతో పడుకున్నా. ఎవరిస్తారు అలాంటి నిద్ర?" అన్నారు.

మోకాళ్ల ఆపరేషను బాగానే జరిగింది. ఆయన ఇప్పుడు పరిగెత్తరు. గట్టు మీద కుర్చీ వేసుకుని, మ్యాపు గీసి, పోటీ రోజున చప్పట్లు కొడతారు. ఆ ఊళ్లో కోత మిషన్లు వచ్చాక కుప్పలు వేసేవాళ్లు తగ్గిపోయారు. నా నాలుగు కొండలున్న మ్యాపు ఆయన ముందుగదిలో అద్దం కట్టి వేలాడుతోంది. మంచు పట్టిన పొద్దుల్లో ఆ ఊరికి వెళ్లినప్పుడు, అది విడే ముందు ఒక్క క్షణం, ఆ కొండలు ఇంకా అక్కడే ఉన్నాయనిపిస్తుంది. నేను మాత్రం ఇప్పుడు వంతెన గోడ మీద కూర్చోను. నిలబడే కలలు కంటాను.

ఇందుమూలంగా యావన్మందికీ నా శపథం. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం సాక్షిగా, దిక్సూచి ముల్లు సాక్షిగా, ఇకపై ఏ మ్యాపులోనైనా కొండ గీయాల్సివస్తే, ముందు ఒక గేదెను తోలుకెళ్లి దాని ముందు నిలబెడతాను. గేదె మొహం తిప్పుకుంటేనే చుక్క పెడతాను.